గేటుకు దొంగెవరో తెలియదు

(డిగ్రీ కాలేజీ ఫిజిక్సు విద్యార్థులు, ఊళ్లోని బట్టల షాపులు, సూపర్‌మార్కెట్ల సిబ్బంది కలిసి ఏర్పాటు చేసుకున్న సభలో ఒక సర్వీసు ఇంజినీరు చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసినది.)

అందరికీ నమస్కారం.

ముందు ఈ తెల్ల ముక్క చూడండి. వెనక కూర్చున్నవాళ్లకు కనపడదు గానీ, ముందు వరస నుంచి చేతులు మార్చుకుంటూ పంపండి. నాలుగున్నర సెంటీమీటర్ల పొడవు, ఒక సెంటీమీటరు వెడల్పు ఉంటుంది. షాంపూ సీసా వెనకాలో, షేవింగ్ బ్లేడ్ల ప్యాకెట్టు మీదో, బూటు లోపలో చూసే ఉంటారు. పైన బార్‌కోడ్ గీతలు కనపడుతున్నాయి కదా, అవి ఉత్తుత్తివి. అలంకారం. ఒక పక్క బ్లేడుతో కోసి తెచ్చాను, మూత ఎత్తి చూడండి. తళతళలాడే పల్చటి రేకులు ఒకటో రెండో వదులుగా పడి ఉంటాయి. వాటిని దేనికీ అతికించలేదు, ఊపితే కదులుతాయి. అడుగున మాత్రం ఇంకో రేకు అతికించి ఉంది. అది అయస్కాంతం. అంతే. బ్యాటరీ లేదు, చిప్ లేదు, మీ పేరు లేదు, బిల్లు నంబరు లేదు.

డబ్బులు కట్టి, కవరు పట్టుకుని బయటికొస్తుంటే గుమ్మం దగ్గరి గేటును బీప్ బీప్ మని మోగించి నలుగురిలో మన పరువు తీసేది ఈ ముక్కే. దీన్ని ట్యాగు అంటాం.

ఈ గేట్లు బిగించడం, రిపేరు చేయడం నా వృత్తి. అమ్మేటప్పుడు షాపు యజమానికి ‘ఇది దొంగల్ని పట్టే మెషిన్ సార్’ అని చెబుతారు. అక్కడే మొదలవుతుంది తిరకాసు. గేటుకు దొంగతనం అంటే ఏంటో తెలియదు. డబ్బు కట్టారా లేదా అన్నది బిల్లింగ్ కౌంటర్‌లోని కంప్యూటర్‌కు తెలుసు, క్యాషియరుకు తెలుసు. నేను చెబుతున్న ఈ రకం ట్యాగుల్లో ఆ కంప్యూటర్‌కూ ఈ గేటుకూ మధ్య ఒక్క వైరు కూడా ఉండదు. గేటుకు తెలిసిందల్లా ఒకటే: ప్రాణమున్న ట్యాగు ఏదో నా మధ్య నుంచి పోతోంది. అది మీ కవరులోదా, మీ పక్కన నడిచే ఆవిడ చెప్పులోదా, పోయినేడు ఇంకో ఊళ్లో కొన్నదా, దానికి అనవసరం.

అది ఎలా వింటుందో చెబుతాను. స్టూడెంట్లకు అనునాదం పాఠం గుర్తుంది కదా, ప్రతి వస్తువుకూ తనకిష్టమైన ఒక వేగం ఉంటుంది, ఆ వేగంతో ఊపితే బాగా ఊగుతుంది. ఈ తళతళలాడే రేకుకు ఒక గుణం ఉంది. అయస్కాంత క్షేత్రంలో పెడితే దాని పొడవు కంటికి కనపడనంత కొద్దిగా మారుతుంది. ఊగే క్షేత్రంలో పెడితే అదీ ఊగుతుంది. ఆ కొలతకు కోసిన రేకు, అడుగునున్న అయస్కాంతం తోడుంటే, సెకనుకు 58,000 సార్లు ఊగడానికి ఇష్టపడుతుంది. గేటు అదే 58 కిలోహెర్ట్జ్‌లో ఒక చిన్న విసురు విసిరి, ఆపేసి, చెవి పెడుతుంది. శృతిదండాన్ని కొట్టి వదిలేసినా కాసేపు మోగినట్టు, రేకు ఇంకా కంపిస్తూనే ఉంటుంది. గేటు వినేది ఆ మిగిలిన మోతను. విసరడం, ఆగడం, వినడం, ఇదంతా సెకనుకు యాభై నుంచి తొంభై సార్లు జరుగుతుంది. వరసగా కొన్నిసార్లు వినపడితేనే మోగుతుంది. గేటు మరీ తొందరపడే రకమేం కాదు, పాపం.

ఇప్పుడు కౌంటర్ దగ్గరికి రండి. స్కానరు పక్కన నల్లటి పలక ఒకటి ఉంటుంది. కొన్ని షాపుల్లో కౌంటర్ బల్ల కిందే బిగిస్తారు, మనకు కనపడదు. క్యాషియరు వస్తువును దాని మీద నుంచి జరిపితే, అడుగునున్న అయస్కాంతం తన అయస్కాంతత్వం పోగొట్టుకుంటుంది. రేకు అలాగే ఉంటుంది, కానీ తోడు పోయేసరికి దాని శ్రుతి 58 దగ్గర నిలవదు, పైకి జరిగిపోతుంది. గేటుకు ఇక వినపడదు. ట్యాగు చచ్చింది అంటాం మా భాషలో.

చచ్చిందా? సగం చావు సంగతి అడగండి. వస్తువును పలక మీద ఎత్తుగా, వేగంగా ఆడించేస్తే, లేదా ట్యాగు నిలువుగా ఉండిపోతే, క్షేత్రం పూర్తిగా తగలదు. అయస్కాంతం సగం సగం బలహీనపడుతుంది. అలాంటి ట్యాగు ఒక గేటులో మోగదు, ఇంకో గేటులో మోగుతుంది. ఒకే గేటులో కూడా కవరు కుడిచేత్తో పట్టుకుంటే మోగి, ఎడమచేత్తో పట్టుకుంటే మోగకపోవచ్చు. అప్పుడు గార్డు ‘ఇందాక మోగింది, ఇప్పుడు మోగలేదు, మధ్యలో ఏదో దాచేశారు’ అనుకుంటాడు. కస్టమరుకు ముచ్చెమటలు. దాచిందేమీ లేదు, కవరు తిరిగిన కోణం మారింది, అంతే.

పండగ ముందు ఆదివారం సాయంత్రం ఏ బట్టల షాపుకైనా వెళ్లి కౌంటర్ దగ్గర ఐదు నిమిషాలు నిలబడండి. లైను వీధి దాకా ఉంటుంది. ఆ అమ్మాయి పొద్దున్నుంచి నిలబడే ఉంది. నాలుగు చొక్కాలు ఒకదాని మీద ఒకటి పెట్టి ఒకేసారి జరిపేస్తుంది. పైవాటికి క్షేత్రం అందదు. ఒక్కో వస్తువుకు రెండు ట్యాగులు ఉండొచ్చు, కంపెనీ వేసింది లోపల, షాపు వేసింది పైన. పైది చచ్చింది, లోపలిది బతికే ఉంది. ఇక నేను ఫిర్యాదు మీద వెళ్లిన షాపుల్లో తరచూ చూసింది ఇంకోటి చెప్పనా? ఆ పలక ప్లగ్ పీకేసి, అక్కడ సెల్‌ఫోన్ ఛార్జర్ పెట్టుకుని ఉంటారు. (నవ్వులు) నవ్వుతున్నారు గానీ, ఆ సాయంత్రం ఆ కౌంటర్లో బిల్లు చేయించుకున్న ప్రతివాళ్లూ గుమ్మం దగ్గర దొంగల్లా నిలబడి ఉంటారు.

రెండో రకం ట్యాగు ఇది. చదరపు కాయితం స్టిక్కరు, నాలుగు సెంటీమీటర్లు. లైటుకు అడ్డంగా పట్టుకోండి. లోపల చుట్టలు చుట్టలుగా అల్యూమినియం గీత కనపడుతుందా? అది కాయిల్. మధ్యలో కెపాసిటర్, అంటే నడుమ పల్చటి పొర ఉన్న రెండు అల్యూమినియం రేకులు. ఈ రెండూ కలిస్తే 8.2 మెగాహెర్ట్జ్ దగ్గర, అంటే సెకనుకు 82 లక్షల సార్ల దగ్గర అనునాదం. గేటు ఆ చుట్టుపక్కల ఫ్రీక్వెన్సీలను పైకీ కిందికీ వెతుకుతూ, ఎక్కడైనా శక్తి పీల్చుకునేది ఉందా అని చూస్తుంది. దీన్ని చంపే పద్ధతి వేరు. కెపాసిటర్‌లో ఒకచోట పొర కావాలనే పల్చగా చేస్తారు. కౌంటర్‌లోని పలక బలమైన క్షేత్రం పంపితే అక్కడ పొర చిల్లి పడి, రెండు పక్కలా ఉన్న అల్యూమినియం అంటుకుపోతుంది, షార్ట్ అవుతుంది. ట్యాగు ఖతం.

కానీ ఆ అతుకు వెంట్రుక కంటే సన్నం. బట్ట మడతపెట్టాం, బ్యాగులో కుక్కాం, స్టిక్కరు వంగింది, అతుకు విడిపోయింది. ట్యాగు మళ్లీ లేచి కూర్చుంటుంది. కొన్న రోజు మోగలేదు, వారం తర్వాత అదే ప్యాంటు వేసుకుని వేరే షాపులోకి అడుగుపెడితే మోగింది. దయ్యం పట్టిందనుకునేవాళ్లను చూశాను. దయ్యం కాదు, జేబు లోపల వదిలేసిన స్టిక్కరు.

ఇక్కడ ఒక గుర్తు చెబుతాను, షాపువాళ్లు ముఖ్యంగా వినండి. లోపలికి వచ్చేటప్పుడే గేటు మోగిందంటే ఆ ట్యాగు అప్పుడే మీ షాపులో తీసింది కాదు, బయటి నుంచి వచ్చింది. ఇంత తేలికైన ఆధారం ఇంకోటి లేదు. అయినా లోపలికి వచ్చేటప్పుడు మోగితే ఎవరూ పట్టించుకోరు. గార్డు తల కూడా తిప్పడు. అదే మనిషి బయటికి వెళ్లేటప్పుడు అదే ట్యాగుతో మోగితే ‘బ్యాగు తెరవండి’. వచ్చేటప్పుడే ‘అమ్మా, మీ దగ్గర పాత ట్యాగు ఏదో ఉన్నట్టుంది, తీసేయమంటారా’ అని అడిగితే గొడవే ఉండదు కదా.

బయటి ట్యాగులు ఎక్కడివి? చాలా సరుకులకు ఫ్యాక్టరీలోనే ట్యాగు వేసి పంపిస్తారు. కంపెనీకి అది ఏ షాపుకు వెళ్తుందో తెలియదు. గేటు ఉన్న షాపులో కొంటే చంపి ఇస్తారు. గేటు లేని కిరాణా కొట్టులోనో, ఆన్‌లైన్‌లోనో కొంటే, చంపేవాళ్లెవరూ లేరు. కాయితం ట్యాగుల గేటు ఉన్న షాపులో తెల్ల ముక్క ట్యాగున్న వస్తువు కొన్నారనుకోండి, అక్కడి గేటుకు దాని భాష రాదు కాబట్టి మోగదు. పక్క వీధిలో తెల్ల ముక్కల గేటు ఉంటుంది, అక్కడ మోగుతుంది. మన ఇళ్లల్లో ఇంకో దారి కూడా ఉంది. అమెరికాలో ఉన్న అబ్బాయి అమ్మకు బూట్లు, స్వెట్టరు తెస్తాడు. బట్ట లోపల కుట్టు పక్కన తెల్లటి గుడ్డ చీటీ ఒకటి ఉంటుంది, కత్తెర బొమ్మ వేసి, వేసుకునేముందు కత్తిరించమని ఇంగ్లీషులో రాసి. మనవాళ్లు కత్తిరించరు. బ్రాండు చీటీ కదా, ఉంచుదాం అంటారు. ఆ చీటీ లోపలే ట్యాగు. ఇంట్లో అలాంటివి ఉంటే ఈ రాత్రికే కత్తెర తీసుకోండి.

ట్యాగే లేకుండా మోగడం కూడా ఉంది. ఇంటికి వైరింగ్ చేయించుకుంటున్న ఒకాయన వైరు చుట్టలు చంకన పెట్టుకుని సూపర్‌మార్కెట్‌కు వచ్చాడు. చుట్ట అంటే కాయిలే. దాని వరసల మధ్య కొద్దిపాటి కెపాసిటెన్సు, అంటే కెపాసిటర్ గుణం ఉంటుంది. కొలతలు కలిసొస్తే అది 8 మెగాహెర్ట్జ్ దగ్గర అనునాదం చెందుతుంది. గేటుకు అది పెద్ద స్టిక్కరులా కనపడింది. మూడుసార్లు దాటించారు ఆయన్ని, మూడుసార్లూ మోగింది. చివరికి చుట్టలు బయట పెట్టి రమ్మంటే మోగలేదు.

రెండు గేట్లు ఒకదానితో ఒకటి పోట్లాడుకోవడం ఇంకో రకం. తెల్ల ముక్కల గేటు విసిరి, ఆగి, వింటుందన్నాను కదా. ఎప్పుడు విసరాలి, ఎప్పుడు వినాలి అన్న తాళం కరెంటు లైను నుంచి తీసుకుంటుంది. సెకనుకు 50 సార్లు ఊగే మన 50 హెర్ట్జ్ కరెంటు. మాల్‌లో ఎదురెదురు షాపులు రెండూ ఒకే తాళంలో ఉంటే, రెండూ కలిసి విసిరి కలిసి వింటాయి. ఒకటి లైను మీద, ఒకటి సొంత ఇన్వర్టరు మీద నడుస్తుంటే తాళం తప్పుతుంది. ఇది చెవి పెట్టే సమయానికి అది విసురుతుంది. ఎవరూ దాటకపోయినా మోగుతుంది. చవక ఎల్ఈడీ లైట్లకు కరెంటు అందించే డ్రైవర్ సర్క్యూట్లు, ఛార్జర్లు కూడా ఆ ఫ్రీక్వెన్సీల దగ్గర్లోనే గోల చేస్తాయి. గేటుకు ఆనుకుని సరుకు స్టాండు పెట్టడం అన్నిటికన్నా మామూలు తప్పు. స్టాండు మీది ట్యాగులు గేటుకు లీలగా వినపడుతూ ఉంటాయి. ఎవరైనా ఆ స్టాండును మోచేత్తో కదిపితే మోగుతుంది. పట్టుబడేది మాత్రం అప్పుడే గుమ్మం దాటుతున్న పెద్దాయన.

బంగారు గాజులు, మంగళసూత్రం, జరీ చీర, జేబులో తాళాలు వీటివల్ల మోగుతుందని చాలామంది అనుకుంటారు. ఇది మెటల్ డిటెక్టరు కాదు. ఎయిర్‌పోర్టు గేటు వేరు, ఇది వేరు.

ఈ గేటు ఎలా పుట్టిందో ఒక్క ముక్క. 1960లలో అమెరికాలో, ఓహాయో రాష్ట్రం ఆక్రన్‌లో, రాన్ అస్సాఫ్ అనే సూపర్‌మార్కెట్ మేనేజరు దొంగ వెంట పరిగెత్తి పట్టుకోలేకపోయాడు. ఆ ఉక్రోషం నుంచి పుట్టింది సెన్సర్‌మాటిక్ కంపెనీ. ఇంకో పెద్ద కంపెనీ చెక్‌పాయింట్ మొదలైందేమో లైబ్రరీ పుస్తకాలు పోకుండా కాపాడడానికి. లైబ్రరీలో గేటు మోగితే లైబ్రేరియన్ ‘ఎంట్రీ వేయించుకోవడం మర్చిపోయావా’ అంటాడు. షాపులో మోగితే ‘ఏం తీశావ్’ అంటారు. మోత ఒకటే, మర్యాదే వేరు.

ఇప్పుడు కొంచెం లెక్క. ఈ అంకెలు నేను ఊహకు వేసుకున్నవి, మీ షాపువి మీరు వేసుకోండి. శనివారం 1,200 మంది తలా ఒక ట్యాగున్న వస్తువు కొని బయటికి వెళ్లారనుకుందాం. కౌంటర్లో వందకు మూడు ట్యాగులు సరిగ్గా చావలేదు, చాలా తక్కువే కదా. అంటే 36 మంది నిర్దోషులకు గేటు మోగుతుంది. అదే రోజు పది మంది నిజంగా దొంగిలించారు. గేటు బాగా పనిచేసి ఎనిమిది మందికి మోగింది. మొత్తం 44 మోతలు. అందులో దొంగలు ఎనిమిది. అంటే గేటు మోగినప్పుడు ఎదుట నిలబడిన మనిషి దొంగ కాకపోవడానికే అవకాశం నాలుగు రెట్లకు పైగా ఎక్కువ. తెలిసిన దొంగ అయితే ట్యాగు ట్రయల్ రూములోనే పీకి పారేస్తాడు కాబట్టి ఆ ఎనిమిది ఇంకా తగ్గుతుంది. గేటు నాసిరకం అని కాదు నేననేది. కొనేవాళ్లు వందల్లో, దొంగలు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది ఉన్న చోట, ఎంత మంచి గేటు పెట్టినా మోతల్లో ఎక్కువ వాటా నిర్దోషులదే అవుతుంది.

దీనివల్ల రెండు రకాల గార్డులు తయారవుతారు. ఒకరు, ప్రతి మోతకూ ఉలిక్కిపడి అందర్నీ ఆపేవాళ్లు. రెండోరకం, నాన్నా పులి కథలోలా విసిగిపోయి, మోగినా ‘వెళ్లండి వెళ్లండి’ అని చెయ్యి ఊపేవాళ్లు. నిజమైన పులి దర్జాగా వెళ్లిపోతుంది. వెళ్లండనడంలో కూడా మనుషుల్ని బట్టి ఎంపిక ఉంటుంది, అది నాకు కోపం తెప్పించే విషయం. కారు దిగిన వాళ్లకు గేటు మోగితే ‘సారీ సార్, మెషిన్ ప్రాబ్లం’. నలిగిన చొక్కా వేసుకున్న కుర్రాడికి మోగితే మెషిన్‌కు ఏ ప్రాబ్లమూ లేదు.

చట్టం సంగతి. నేను లాయరును కాను, కానీ గార్డులకు ట్రైనింగు ఇచ్చేటప్పుడు ఇవి చెప్పి తీరాలి. గేటు మోగినంత మాత్రాన మనిషిని పట్టుకుని బ్యాగు లాక్కుని వెతికే అధికారం గార్డుకు రాదు. అతను మామూలు పౌరుడే. పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 40వ సెక్షను ప్రకారం మామూలు పౌరుడు ఎవరినైనా అరెస్టు చేయాలంటే, తన ఎదుటే నేరం జరగాలి, అది నాన్‌బెయిలబుల్ (బెయిలు హక్కుగా దొరకని), కాగ్నిజబుల్ (వారెంటు లేకుండా పోలీసులు అరెస్టు చేయగల) నేరమై ఉండాలి, ఆరు గంటల్లోగా పోలీసులకు అప్పజెప్పాలి. కోర్టు పరారీలో ఉన్నాడని ప్రకటించిన నేరస్థుడైతే వేరే సంగతి. అప్పజెప్పాక సోదా చేసేది పోలీసు. ఆడవాళ్లను సోదా చేయాల్సి వస్తే మర్యాదకు భంగం రాకుండా ఇంకో మహిళే చేయాలని 49వ సెక్షను. అన్యాయంగా దారికి అడ్డుపడితే, పాత ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 126, గదిలో పెట్టి కూర్చోబెడితే 127. ‘పిల్లను రూములోకి తీసుకెళ్లి చెక్ చేశాం’ అని గర్వంగా చెప్పే మేనేజర్లు ఆ రెండు నంబర్లూ గుర్తుపెట్టుకోండి.

మరి గార్డు ఏం చేయాలి? అడగాలి. ‘అమ్మా, మా కౌంటర్లో ట్యాగు తీయడం మర్చిపోయినట్టున్నారు, ఒక్కసారి చూసుకుందామా?’ తప్పు మొదట షాపు మీద వేసుకోవాలి, ఎందుకంటే చాలాసార్లు అది నిజం కూడా. కవరును కౌంటర్‌కు తీసుకెళ్లి, బిల్లుతో సరిచూసి, అన్నీ పలక మీద ఒక్కొక్కటిగా మళ్లీ జరిపి ఇచ్చేయాలి. మనిషిని గేటులో పదిసార్లు నడిపించకూడదు. కవరు ఒకసారి, హ్యాండ్‌బ్యాగు ఒకసారి విడివిడిగా గేటు దాటిస్తే ఎక్కడుందో తేలిపోతుంది. అది కూడా ఆవిడ ఇష్టపడితేనే.

కొనేవాళ్లకు నేను చెప్పేది తక్కువ. మోగితే పరిగెత్తకండి, అరవకండి, బిల్లు చేతిలో పెట్టుకోండి. సోదాకు ఒప్పుకోవాల్సిన పని లేదు, కౌంటర్ దగ్గరికి నడవండి చాలు.

(ప్రశ్నలు)

గుండె లయ తప్పకుండా చూసే పేస్‌మేకర్ ఉన్నవాళ్ల గురించి అడిగారు. మంచి ప్రశ్న. పేస్‌మేకర్ వల్ల గేటు మోగదు, గేటు వల్లే పేస్‌మేకర్‌కు ఇబ్బంది రావచ్చు. 1998లోనే అమెరికాలో మందులు, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దీని గురించి హెచ్చరించింది. మామూలుగా నడిచి దాటితే ఫర్వాలేదు. గేటుకు ఆనుకోవద్దు, దాని దగ్గర నిలబడి కబుర్లు చెప్పుకోవద్దు. షాపువాళ్లేమో పెద్దవాళ్లు కూర్చుంటారని కుర్చీ తెచ్చి సరిగ్గా గేటు పక్కనే వేస్తారు. ఆ కుర్చీ జరపండి.

ఆర్ఎఫ్ఐడీ, అంటే రేడియోతో చదివే చిప్ ట్యాగులు వస్తే ఈ బాధ పోతుందా అంటున్నారు. కొంత పోతుంది. అందులో ఒక్కో వస్తువుకు ఒక్కో నంబరు ఉంటుంది. గేటు నంబరు చదివి, అమ్ముడైన జాబితాలో ఉందా అని అడుగుతుంది. అంటే గేటుకూ కౌంటర్‌కూ మధ్య మొదటిసారి మాటలు కలిసినట్టు. కానీ ఆ రేడియో తరంగాలు దూరం వెళ్తాయి. గేటు పక్కన ట్రాలీలో ఉన్న చొక్కా నంబరు కూడా చదివేస్తుంది, దాటుతున్నది మీరు. సర్వరు ఆలస్యమైనా అంతే. తప్పుల రకం మారుతుంది.

ఆ పక్కన అమ్మాయి… సూపర్‌మార్కెట్‌లో చేస్తావా? చెప్పమ్మా. గేటు అసలు పనిచేస్తోందో లేదో ఎలా తెలుస్తుంది అంటోంది. పొద్దున షట్టరు తీయగానే, కస్టమర్లు రాకముందు, బతికున్న ట్యాగు ఒకటి పట్టుకుని గేటు దాటు. ఒకసారి చీలమండ దగ్గర పట్టుకుని, ఒకసారి నడుము దగ్గర, ఒకసారి భుజం దగ్గర. మూడు చోట్లా మోగాలి. తర్వాత అదే ట్యాగును మీ కౌంటర్ పలక మీద జరిపి మళ్లీ దాటు. ఇప్పుడు మోగకూడదు. ఎన్ని కౌంటర్లుంటే అన్నిటికీ ఒక్కో కొత్త ట్యాగుతో ఇలాగే చేయాలి. ఏ కౌంటర్ ట్యాగు మోగిందో ఆ పలక వైరు చూడు, ప్లగ్‌లో ఉందో లేదో. ప్లగ్‌లో ఉండి కూడా మోగితే అప్పుడు మాకు ఫోన్ చేయించు, ఆ కౌంటర్ ఆ రోజుకు ట్యాగు లేని సరుకుకే వాడుకోండి.